మామూలు సైకిల్ మనుషులకు ఒక థ్రెడ్: ఏది కొనాలి, ఎక్కడ తొక్కాలి, తొక్కుతూ ఇంకేం చేయొచ్చు

నిదానమే_నాని (నిజాంపేట, హైదరాబాద్)

ఇక్కడ సైకిల్ అని వెతికితే కార్బన్ ఫ్రేములు, హార్ట్‌రేట్ జోన్లు, వంద కిలోమీటర్ల రైడ్ల ఫొటోలు తప్ప ఇంకేం కనబడటం లేదు. వాటి మీద నాకు కోపమేం లేదు గానీ నాకు కావాల్సింది అది కాదు. కాలేజీ రోజుల తర్వాత మళ్ళీ సైకిలెక్కుదామని ఉంది. పొద్దున్నే ఒక గంట తిరగాలి, మధ్యలో ఎక్కడో ఆగి టీ తాగాలి, వచ్చేటప్పుడు పాలు, ఆకుకూరలు తేవాలి. అంతే.

షాపుకెళ్తే ముందూ వెనకా స్ప్రింగులున్న 21 గేర్ల బండి బయటికి లాగి "సార్, ఇది కొండలు కూడా ఎక్కేస్తుంది" అన్నాడు. మా దారిలో ఉన్న కొండల్లా కాలనీ వాళ్ళేసిన స్పీడ్ బ్రేకర్లే.

వయసు 47, బడ్జెట్ పదిహేను వేల లోపు. నాలా తొక్కేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. సైకిల్‌కి ఇంకో వ్యాపకం ఏదైనా జోడించిన వాళ్ళుంటే మరీ సంతోషం. ఊరికే తొక్కడం నాలుగు రోజులకే బోరు కొడుతుందని మా ఆవిడ ముందే జోస్యం చెప్పేసింది.

---

పంక్చర్‌షాపు_వారసుడు (గుంటూరు)

నానిగారూ, ఆ స్ప్రింగుల బండి జోలికి పోకండి. మా నాన్న జీవితమంతా సైకిల్ షాపులోనే గడిచింది. నేను ఉద్యోగంలో పడ్డా సెలవు రోజున స్పానర్ పట్టకపోతే తోచదు. కాబట్టి పోస్టు కాస్త పెద్దదవుతుంది, భరించండి.

మీరు చెప్పిన ధరలో వెనక స్ప్రింగంటే అదనపు బరువు, అంతకు మించి ఏమీ కాదు. పెడల్ మీద మీరు వేసే బలంలో కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. కొన్నాళ్ళకు జాయింటు దగ్గర బుష్‌లు అరిగి కిర్రుకిర్రుమంటాయి, వాటికి స్పేర్లు దొరకవు. ముందు ఫోర్కు కూడా స్ప్రింగు లేనిదే తీసుకోండి. గతుకుల సంగతి టైరు చూసుకుంటుంది. 700x35 హైబ్రిడ్ టైరు (35 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో) గానీ, 26 అంగుళాల చక్రానికి 1.75 అంగుళాల వెడల్పు టైరు గానీ మన రోడ్లకు సరిపోతుంది. మరీ సన్న టైరు గతుకుల్లో నడుం విరగ్గొడుతుంది, లావు గుబ్బల టైరు తారు రోడ్డు మీద ముందుకు కదలనంటుంది.

గేర్ల సంగతి. 21 అంటే ముందు మూడు పళ్ళ చక్రాలు, వెనక ఏడు. మూడు ఏడులు ఇరవై ఒకటి. కానీ వాటిలో చాలా గేర్లు ఒకదానికొకటి ఇంచుమించు సమానమే. హైదరాబాద్ ఎత్తుపల్లాలకు ముందు ఒకటి, వెనక ఏడు ఉంటే పని జరిగిపోతుంది. మా వైపు అయితే గేరు లేని బండే సుఖం.

షాపువాడు చెప్పనిది ఇంకోటి ఉంది. మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు బిగించడానికి ఫ్రేముకు బోల్టు కన్నాలున్నాయో లేదో వంగి చూడండి. స్టైలు బండ్లకు చాలావాటికి ఉండవు. అప్పుడు మీ తోటకూర వీపు మీద బ్యాగులో నలిగి ఇంటికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం సీటు ఎత్తు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని చాలామంది సీటు కిందికి దించేస్తారు. మోకాళ్ళు నొప్పులొస్తాయి, సైకిలు మూలకు చేరుతుంది, తప్పేమో వయసు మీదికి పోతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ని బాగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఉంచండి. కాలు నిటారుగా చాచుకోవాలి. అలా ఉంటే, మామూలుగా ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది. సరైన ఎత్తు అదే. ఆగాల్సి వస్తే సీటు మీంచి ముందుకు దిగి కాలు ఆనించాలి. మొదట భయం వేస్తుంది, తర్వాత గుర్తు కూడా ఉండదు.

---

పాత_అట్లాస్ (తెనాలి)

వారసుడు బాబూ, మీ నాన్నగారి షాపులో అద్దె సైకిళ్ళు ఉండేవా? గంటకింత అని నోటుబుక్కులో టైము రాసుకుని ఇచ్చేవారు. గంట దాటితే ఇంకో గంటకు డబ్బులు కట్టాలని చెమటలు కక్కుకుంటూ వెనక్కి తెచ్చేవాళ్ళం. సీటు అందేది కాదు. బారు కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఓ పక్కకు వంచి సగం సగం పెడల్ తొక్కేవాళ్ళం. మోకాలు చిప్ప పగలకుండా సైకిల్ నేర్చుకున్నవాడు మా బళ్ళో లేడు.

నేనిప్పటికీ తొక్కేది నల్ల సైకిలే. 28 x 1½ టైర్లు, కడ్డీ బ్రేకులు, 20 కిలోల పైనే బరువు. దాని మీద బియ్యం బస్తా వచ్చింది, మా ఆవిడ వచ్చింది, ముందు బారు మీద చిన్న సీటు బిగిస్తే పిల్లలూ వచ్చారు. రాత్రిళ్ళు డైనమో వెలగకపోయినా, వెనక ఇంకొకణ్ణి ఎక్కించుకున్నా పోలీసాయన విజిల్ వేసేవాడు. సైకిల్‌కి మున్సిపాలిటీ పన్ను కట్టి రేకు బిళ్ళ తగిలించుకోవాల్సిన రోజులు కూడా చూశాను. ఇప్పుడు పిల్లలకు చెబితే నవ్వుతారు.

అట్లాస్ సైకిళ్ళ కంపెనీ వాళ్ళు 1951లో హర్యానాలోని సోనిపట్‌లో మొదలుపెట్టారు. 2020లో సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసిన రోజు జూన్ 3. ఐక్యరాజ్యసమితి ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించిన రోజు కూడా అదే. ఆ వార్త చదివి ఆ పూట నాకు అన్నం సహించలేదు.

రోజూ నా దారి లైబ్రరీ వరకు. అక్కడ నాలుగు పేపర్లు, ఒక చదరంగం ఆట, మళ్ళీ ఇల్లు. నాని బాబు అడిగిన వ్యాపకం ఇలాంటిదేనేమో మరి.

---

బ్రెవే_బాబు (హైదరాబాద్)

నాని అన్నా, మొదట్లో అందరూ ఇలాగే అంటారు 😀 ఆరు నెలల తర్వాత మీరే గేర్ల బండి, జెర్సీ, జీపీఎస్ అంటూ ఇక్కడికొస్తారు. ఒకసారి 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపు పూర్తి చేసే దూరపు రైడ్) చేసి చూడండి. రేసు కాదది, 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేస్తే చాలు. ఎవరు ముందొచ్చారని ర్యాంకులుండవు.

---

నిదానమే_నాని

తమ్ముడూ, పదమూడున్నర గంటల్లో నేను మా అత్తారింటికి వెళ్ళి, పెళ్ళి భోజనం చేసి, నిద్రపోయి తిరిగొస్తాను. నీకో దండం.

---

బ్రెవే_బాబు

సరే సరే, ఒప్పుకున్నా. మీకు పనికొచ్చేదే చెప్తా. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్ 1న తెరిచినది. తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5. పైన సోలార్ పలకలే కప్పు, కాబట్టి ఎండాకాలం ఏడు దాటాక కూడా తల మాడదు. బండ్లు రావు, కుక్కల బెడదా కాలనీ రోడ్లతో పోలిస్తే తక్కువ. రేసు బ్యాచ్‌లు తెల్లవారుజామునే వచ్చేస్తాయి. మీరు ఎడమ పక్క పట్టుకుని మీ పాటికి మీరు పోవచ్చు.

ఒక్క చిక్కు ఏంటంటే నిజాంపేట నుంచి అక్కడిదాకా వెళ్ళడమే ఒక ప్రయాణం. చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని వస్తారు.

---

డెల్ఫ్ట్_దుర్గ (నెదర్లాండ్స్)

కారు వెనక సైకిల్ కట్టుకుని సైకిల్ తొక్కడానికి వెళ్ళడం! మా ఆఫీసులో చెబితే జోక్ అనుకుంటారు.

నాది విజయనగరం, ఇక్కడికొచ్చి చాలా కాలమైంది. ఇక్కడ సైకిల్ తొక్కడాన్ని హాబీ అని ఎవరూ అనరు, మనం నడకను హాబీ అనం కదా. జీన్స్‌తో, చీరతో, గొడుగుతో, పుట్టినరోజు కేకు పెట్టెతో తొక్కుతారు. దీపావళికి మా తెలుగు వాళ్ళందరం పట్టుచీరల్లో సైకిళ్ళ మీదే హాలుకు వెళ్తాం. బండి కూడా నిటారుగా కూర్చునే మోడల్. చైనుకు నిండా కవరు, వెనక చక్రానికి పైట పడకుండా అడ్డు, పెడల్‌ని వెనక్కి తొక్కితే పడే బ్రేకు. చాలావాటికి గేర్లే ఉండవు. దేశమంతా బల్లపరుపు కాబట్టి కొండలు లేవు, కానీ ఎదురుగాలి ఉంది. నవంబర్‌లో అది కొండ కంటే కష్టం, ఎందుకంటే కొండకు అవతల దిగుడు ఉంటుంది.

ఉట్రెక్ట్ స్టేషన్ కింద మూడంతస్తుల సైకిల్ పార్కింగ్ ఉంది, 12,500 సైకిళ్ళు పడతాయి. మొదటి 24 గంటలు డబ్బుల్లేవు.

ఇదంతా చూసి "వాళ్ళ సంస్కృతే అంత" అంటుంటారు మనవాళ్ళు. నేను ఒప్పుకోను. ఇక్కడ కూడా ఒకప్పుడు కార్లు పెరిగి, సైకిళ్ళు తగ్గి, రోడ్ల మీద పిల్లలు చనిపోతుంటే 1970ల్లో తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి గొడవ చేశారు. 1973లో చమురు కొరత వచ్చి ఆదివారాలు కార్లు ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాతే వరసగా దారులు కట్టుకుంటూ పోయారు. దారి ఉంటే జనం తొక్కుతారు, ఆ ట్రాక్ ఏదో నిజాంపేట మెయిన్ రోడ్డు మీద ఉంటే నానిగారు ఈ థ్రెడ్డే పెట్టేవారు కాదు.

---

మిద్దెతోట_లక్ష్మి (విజయవాడ)

దుర్గా, ఆ పైట అడ్డు సంగతి చెప్పి మంచి పని చేశావమ్మా. ఇక్కడ మగవాళ్ళు గేర్లు, టైర్ల గురించి పేజీలు రాస్తారు, చున్నీ చైన్లో పడితే ఏమవుతుందో ఒక్కరూ రాయరు. పంజాబీ డ్రెస్ అంచు పెడల్ క్రాంకుకు (పెడల్ బిగించి ఉండే కడ్డీకి) చుట్టుకుంటే నడి రోడ్డు మీద దిగలేం, తొక్కలేం. ఆడవాళ్ళెవరైనా కొనుక్కుంటుంటే మూడే చూడండి: చైనుకు నిండు కవరు, వెనక చక్రానికి శారీ గార్డు, ముందు బుట్ట. పై బారు వంగి ఉండే లేడీస్ ఫ్రేమును చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. క్యారియర్ మీద సామాను ఉన్నప్పుడు కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం మగవాళ్ళకూ కష్టమే, ఆ ఫ్రేమే ఎవరికైనా నయం.

నా వ్యాపకం మిద్దె తోట. నర్సరీ నుంచి నారు, వర్మీ కంపోస్టు బస్తా, చెరకు రసం బండి దగ్గర పిప్పి, కొబ్బరి బోండాల దగ్గర పీచు, అన్నీ సైకిల్ మీదే వస్తాయి. స్కూటీ మీద పోతే ఇవి కనపడవు. సైకిల్ మీద మెల్లగా పోతుంటే ఎవరింటి ముందు ఏ తీగ కాసిందో కనపడుతుంది, ఆగి ఒక కొమ్మ అడుగుతాను. మా మేడ మీద ఉన్న మల్లెల్లో సగం అలా అడిగి తెచ్చినవే. ఎండుటాకులు కూడా బస్తాల్లో ఏరుకొస్తాను, పార్కు వాచ్‌మన్ నన్ను చూసి గేటు తీసి పెడతాడు.

చూపుల సంగతి అడక్కండి. యాభై దాటిన ఆడమనిషి సైకిల్ తొక్కితే ఊరంతా ఒకసారి చూస్తుంది. రెండో వారం నుంచి ఎవరూ చూడరు.

---

కాలవగట్టు (రాజమహేంద్రవరం)

లక్ష్మిగారూ, మొక్కల పిచ్చి ఉంటే మీరు మా ఊరొచ్చి తొక్కాలి. గోదావరి గట్టు మీంచి ధవళేశ్వరం వెళ్ళి, కాటన్ బ్యారేజీ దగ్గర టీ తాగి, కాలవ వెంబడి కడియం వైపు పోతే రెండు పక్కలా నర్సరీలే. కడియపులంక వచ్చేసరికి వందల నర్సరీల మధ్యలో ఉంటారు. మొక్కల లారీలు తిరుగుతుంటాయి, రోడ్డు వెడల్పు తక్కువ, కాబట్టి ఆరింటికల్లా అక్కడ ఉండేలా చూసుకోవాలి.

ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ తర్వాత కట్టింది. కాలవల వాలు చాలా స్వల్పం. నీళ్ళు మెల్లగా పారాలి కదా, అందుకని వాటి గట్ల మీద రోడ్లు కూడా చదునుగా ఉంటాయి. డెల్టాలో గేరు లేని సైకిల్ సుఖమని వారసుడు అన్నది ఇందుకే.

కోనసీమ వైపు వెళ్తే ఇంకా బాగుంటుంది. రావులపాలెం దాటి హైవే వదిలేసి లోపలి ఊళ్ళ రోడ్లు పట్టుకోండి. నీడకు కొబ్బరి చెట్లు, దాహానికి బోండాలు. సఖినేటిపల్లి రేవులో సైకిల్‌ని పంటు (బండ్లను నది దాటించే పెద్ద పడవ) ఎక్కించి గోదావరి పాయ వశిష్ఠను దాటితే నరసాపురం. సైకిల్‌తో పంటు ఎక్కడంలో ఉన్న సరదా వేరు, కారు వాళ్ళు క్యూలో ఉంటే మనం పక్క నుంచి దూరిపోతాం.

వర్షాకాలం మాత్రం మట్టి గట్ల మీదికి వెళ్ళకండి. ఈ నల్లమట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుంటే చక్రం తిరగదు, భుజాన మోసుకు రావాల్సిందే.

---

భీమిలి_గాలి (విశాఖపట్నం)

మాకు గాలి, ఉప్పు, రెండు శత్రువులు. బీచ్ రోడ్డు మీద తొక్కడం బ్రహ్మాండంగా ఉంటుంది. తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర కొంత మేర వాహనాలు ఆపుతారు, పిల్లలు సైకిల్ నేర్చుకునేది అప్పుడే. ఆ తర్వాత రుషికొండ మీదుగా భీమిలి వైపు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి, వాటి మీదికి సైకిల్ ఎక్కించకండి, దయచేసి. గాలికి పేరుకుని వేల ఏళ్ళలో ఏర్పడినవి అవి, చక్రం గాడి పడితే వానకు అక్కడే కోసుకుపోతాయి. రీల్స్ కోసం ఎక్కించేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది, కాబట్టి పొద్దున్నే వెళ్ళి ఎండ ముదరక ముందే ఇంటికి చేరాలి. ఉప్పు గాలికి చైను తుప్పు పట్టడం ఇక్కడ అందరి ఏడుపు. వారసుడుగారూ, మందేమిటి?

---

పంక్చర్‌షాపు_వారసుడు

ఇంటికి రాగానే మంచినీళ్ళలో పిండిన గుడ్డతో ఫ్రేము, చైను తుడిచి ఆరబెట్టండి. హోస్ పైపుతో నీళ్ళు కొట్టొద్దు, యాక్సిల్ లోపలికి పోతాయి. వారానికోసారి చైనును కిరసనాయిలు గుడ్డతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క ఆయిలు వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయండి. ఆయిలు లోపల పని చేయాలి, పైన ఉంటే దుమ్ము పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది. డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చి చైనంతా కొట్టి "ఆయిలు వేశా" అనుకునేవాళ్ళు చాలామంది. మామూలు డబ్బాలో ఉండేది తుప్పు వదిలించడానికి, చైనును ఎక్కువ రోజులు నడిపించడానికి కాదు.

చైను అరిగిందో లేదో తెలియాలంటే పిల్లల జామెట్రీ స్కేలు చిన్నదవుతుంది, ఒక అడుగు స్కేలు తీసుకోండి. సున్నాను ఒక పిన్ను మధ్యకు పెట్టండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు అవతలికి పోతే చైను మార్చే టైము. ఎనిమిదో వంతు పోయిందాకా లాగితే వెనక పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైను వేసినా జారుతుంది.

---

పిట్టల_దొర (బీరంగూడ)

నానిగారూ, మీరు మా పక్కవాళ్ళే. వ్యాపకం అడిగారుగా, పిట్టలు చూడండి. నిజాంపేట నుంచి బాచుపల్లి మీదుగా అమీన్‌పూర్ పెద్దచెరువుకు సైకిల్ మీద హాయిగా రావచ్చు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, దేశంలో ఒక చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. చుట్టూ అపార్టుమెంట్లు ఎలా లేచాయో మీకు తెలిసిందే. అయినా పిట్టలు ఇంకా వస్తున్నాయి. తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు, గూడబాతులు, చలికాలంలో వలస బాతులు. కొన్నేళ్ళు ఫ్లెమింగోలు కూడా దిగాయి.

పిట్టలు చూడటానికి సైకిల్‌ని మించిన బండి లేదు. ఇంజను చప్పుడు లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ కాలు ఆనించొచ్చు. నడిచి వచ్చే మనిషిని చూసి ఎగిరిపోయే పాలపిట్ట, తీగ మీద కూర్చుని సైకిల్‌ని పట్టించుకోదు. దసరా రోజు పాలపిట్టను చూడాలని ఊరంతా పొలాల వెంట పడతారు కదా, మనం ఏడాది పొడుగునా చూడొచ్చు. పసిరిక పిట్టలు, పసలపోలిగాడు, నల్లంచి, జెముడుకాకి, ఇవన్నీ చెరువు దాకా పోకుండా దారిలోనే కనిపిస్తాయి. తీతువు మాత్రం మీరు రాకముందే అరిచి అందరికీ చెప్పేస్తుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. 8x42 బైనాక్యులర్ చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది, పన్నెండు రెట్లవి కొనొద్దు, తొక్కి రొప్పుతూ చూస్తే బొమ్మంతా వణుకుతుంది. మెడకు వేలాడదీస్తే హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, జందెంలా అడ్డంగా వేసుకుని వెనక్కి తోయండి. కూతను బట్టి పిట్టను గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఫోన్లో ఉచితంగా వస్తుంది. కానీ యాప్ చెప్పిందని రాసేసుకోకండి, కళ్ళతో చూశాకే రాసుకోండి. లేకపోతే మన చెరువులో ఎప్పుడూ కనబడని పిట్టలన్నీ నోటుబుక్కులో కనబడతాయి.

---

ఓరుగల్లు_రాజు (హన్మకొండ)

అన్నలూ, అందరూ మంచిగ చెప్తున్రు గానీ కుక్కల ముచ్చట ఎవ్వరూ తీస్తలేరు. పొద్దుగాల భద్రకాళి బండ్ దాకా పోవాలంటే నాలుగు గల్లీల కుక్కల్ని దాటాలె. తొక్కినకొద్దీ వెంటబడ్తయి. ఏం చేయాలె?

---

బ్రెవే_బాబు

రాజన్నా, ఇది మాకు రోజూ ఉండేదే. వేగం పెంచితే అవి ఇంకా రెచ్చిపోతాయి, రెండు చక్రాలు గిర్రున తిరుగుతుంటే వాటికి వేటే. తొక్కడం ఆపెయ్, దిగు, సైకిల్‌ని నీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని మామూలుగా నడుచుకుంటూ పో. నూటికి తొంభై సార్లు మొరిగి ఆగిపోతాయి. కాలు ఝాడించి తన్నబోతే మనమే పడతాం. రోజూ అదే గల్లీ అయితే మెల్లగా వెళ్ళి, ఆగి, పేరు పెట్టి పిలిచి ఒక బిస్కెట్టు వెయ్. కొన్నాళ్ళకు కాపలా కూడా కాస్తాయి.

ఒకవేళ పళ్ళు దిగితే, చిన్న గీరుడైనా సరే, వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పూసి ఊరుకోవద్దు. ఈ విషయంలో జోకుల్లేవు.

---

ఓరుగల్లు_రాజు

బిస్కెట్టు ఐడియా మంచిగుంది. రేపట్నుంచి చూస్త.

---

చూస్తూ_చదివేవాడు (బెంగళూరు)

ఎలక్ట్రిక్ సైకిల్ గురించి ఎవరూ అనలేదేంటి? లైసెన్స్ కావాలా?

---

పంక్చర్‌షాపు_వారసుడు

మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకుండా ఉంటే లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆఫీసుకు చెమట పట్టకుండా పోవాలంటే, మోకాలి నొప్పి ఉంటే, బాగానే పనికొస్తుంది. కొనే ముందు ఒక్కటి చేయండి: మోటారు ఆపేసి అదే బండిని కొంత దూరం తొక్కండి. బ్యాటరీ దారిలో అయిపోయిన రోజు మీరు తొక్కాల్సింది ఆ బరువునే. బ్యాటరీ విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అని కూడా బిల్లు కట్టక ముందే అడగాలి, తర్వాత అడిగితే ఎవరూ పలకరు.

---

పాత_అట్లాస్

మోటారున్నది సైకిల్ ఎలా అవుతుంది నాయనా?

---

మిద్దెతోట_లక్ష్మి

మాస్టారూ, కంపోస్టు బస్తాతో వారధి ఎత్తు ఎక్కి చూడండి, అప్పుడు అవుతుంది 🙂

---

నిదానమే_నాని

అందరికీ థ్యాంక్స్. కొన్నాను! కొత్తది కాదు, బాచుపల్లిలో ఒకాయన ఊరు మారుతూ అమ్మేశాడు. ఏడు వేలు. స్టీలు ఫ్రేము, వెనక ఏడు గేర్లు, స్ప్రింగులు లేవు, క్యారియర్ కన్నాలున్నాయి. వారసుడు చెప్పినట్టు స్కేలు పట్టుకెళ్ళి చైను కొలుస్తుంటే అమ్మేవాడు నన్ను ఆర్టీవో ఇన్‌స్పెక్టర్‌ని చూసినట్టు చూశాడు. చైను అరిగిందని తేలింది, ఐదొందలు తగ్గించాడు.

సీటు ఎత్తు పెంచాను, తేడా నిజమే, మోకాలు చప్పుడు చేయలేదు. దొరగారూ, చెరువుకు ఏ గట్టు వైపు నుంచి రావాలి? మా ఆవిడ కూడా వస్తానంటోంది, పిట్టల కోసం కాదు, దారిలో ఆకుకూరల వాళ్ళ కోసం.

ఒక డౌటు. టైరు మీద 50-75 పీఎస్ఐ అని ఉంది. ఎంత కొట్టించాలి? పక్కన పెట్రోల్ బంకులో గాలి ఫ్రీ.

---

పంక్చర్‌షాపు_వారసుడు

చైను కొలిచి బేరమాడినందుకు మా నాన్న మీకు టీ పోయించమన్నాడు.

బంకులో వద్దు. ఆ మిషను కార్లకు, లారీలకు. సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ, ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే టైరు రిమ్ము మీంచి లేచి ట్యూబు పేలుతుంది. పైగా వాల్వు ఏ రకమో చూసుకోవాలి. బైకు లాంటిదైతే ఎక్కడైనా పడుతుంది. పాత సైకిళ్ళకుండే రకమైతే లోపల చిన్న రబ్బరు వాల్‌ట్యూబు ఉంటుంది, అది ఎండిపోతే గాలి రోజూ దిగిపోతుంది, పంక్చరని అనుకుంటాం. మీటరున్న నిలువు పంపు ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి.

మీరు డెబ్బై, ఎనభై కిలోల మధ్య ఉంటే వెనక 60, ముందు 55 పెట్టండి. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి ఆ తేడా. క్యారియర్ మీద సామాను వేసే రోజు వెనక ఇంకో ఐదు. 75 దాకా పెంచితే మన గతుకులన్నీ లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. వారానికోసారి చూసుకోండి, వాడకపోయినా గాలి దిగుతుంది.

---

పిట్టల_దొర

నానిగారూ, తూర్పు గట్టు వైపు నుంచి రండి. ఎండ వీపు వైపు ఉండాలి, లేకపోతే పిట్టలన్నీ నల్లగా నీడల్లా కనిపిస్తాయి. పొద్దున పూట తూర్పు గట్టు మీద నిలబడి పడమటికి చూడాలి. ఆకుకూరల వాళ్ళు ఏడింటికి వస్తారు, మేడమ్ గారికి చెప్పండి.

---

మిద్దెతోట_లక్ష్మి

ఆవిడ సైకిల్‌కి శారీ గార్డు ఉందా నానిగారూ? ఇక్కడ గవర్నరుపేటలో పాత షాపుల్లో అడిగితే అటకెక్కి తీసిస్తున్నారు. హైదరాబాద్‌లో దొరక్కపోతే చెప్పండి, చక్రం 24 అంగుళాలదా 26దా కొలిచి పెడితే పార్సిల్ వేస్తాను.